అర మిల్లీమీటరు పూస: రోబో సరిగ్గా పెట్టినా పక్కకు ఎందుకు జరిగింది?

ఈ కేసు ఆప్టికల్ విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌ది. ఊరు, కంపెనీ, వాళ్ల కస్టమర్ ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను. రిజెక్షన్ శాతాలు కూడా రాయడం లేదు, అవి వాళ్ల వ్యాపార విషయం. మైక్రో అసెంబ్లీ లైన్లలో ఏ తేడా వచ్చినా మొదటి అనుమానం రోబో మీదకే పోతుంది. ఆ వెంటనే కొత్త రోబోకి కొటేషన్ తెప్పిస్తారు. ఈ రెండింటి మధ్య చేయాల్సిన పని ఒకటి ఉంది. పార్టు ఏ క్షణంలో తన చోటు తప్పుతోందో చూడాలి. ఆ పని ఎలా చేశామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేపథ్యం

చిన్న సెరామిక్ పలక మీద లేజర్ డయోడ్ ముందే అతికించి వస్తుంది. దాని ముందు 0.5 మి.మీ. వ్యాసం ఉన్న గాజు బాల్ లెన్సును (గుండ్రటి గోళీ లాంటి లెన్సు) పెట్టి, యూవీ (అతినీలలోహిత) వెలుగు పడితే గట్టిపడే జిగురుతో అతికించాలి. లేజర్ వెలుగును ఆ లెన్సు ఒకచోటికి చేర్చి ఆప్టికల్ ఫైబర్‌లోకి పంపుతుంది. ఫైబర్ మల్టీమోడ్ రకం, కోర్ (మధ్యలో వెలుగు పోయే దారి) వ్యాసం 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లెన్సు తన చోటి నుంచి 5 మైక్రాన్లు అటో ఇటో జరిగితే ఫైబర్‌లోకి వెళ్లే వెలుగు తగ్గి, ఆ పీసు టెస్టింగ్‌లో పోతుంది. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అందులో పద్నాలుగో వంతు అన్నమాట.

లైన్ మీద ఈ లెన్సులను అందరూ పూసలనే అంటారు. నేనూ అలాగే రాస్తాను.

రోబో మూడు అక్షాల కార్టీజియన్ మెషిన్, అంటే అటూఇటూ, ముందుకూవెనక్కూ, పైకీకిందకీ తిన్నగా కదిలేది. బాల్ స్క్రూల మీద నడుస్తుంది (మోటార్ స్క్రూను తిప్పితే దాని మీది నట్టు జరుగుతుంది), ఎంత తిరిగిందో కొలిచే ఎన్‌కోడర్లు మోటార్ల వెనక ఉన్నాయి. వాక్యూమ్ నాజిల్‌తో ట్రే నుంచి పూసను తీస్తుంది, కింద నుంచి పైకి చూసే కెమెరా మీద ఆగి పూస నాజిల్‌కి ఎంత పక్కగా అంటిందో చూసుకుంటుంది. తర్వాత పలక దగ్గరకు వెళ్లి, తన తలకున్న కెమెరాతో పలక మీది గుర్తులు చూసుకుని, అప్పటికే వేసి ఉన్న జిగురు చుక్క మీద పూసను దించి వదిలేస్తుంది. నాజిల్ పైకి లేచాక యూవీ లైటు వెలుగుతుంది. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు.

వాళ్లు చెప్పిన సమస్య

పొద్దున షిఫ్టు మొదట్లో పూసలన్నీ ఒకే దిక్కుకు జరిగి ఉంటున్నాయి. ఒకట్రెండు గంటల్లో ఆ జరుగుడు తగ్గుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి అసలు ఏ దిక్కూ ఉండదు, ఇష్టం వచ్చినట్టు చెదురుతాయి. మధ్యమధ్యలో పూస నాజిల్‌కే అంటుకుని పైకి వచ్చేస్తుంది. నన్ను పిలిచేనాటికి గ్రానైట్ బేస్, లీనియర్ మోటార్లు (స్క్రూ లేకుండా నేరుగా జరిపేవి) ఉన్న కొత్త మెషిన్‌కి కొటేషన్ వచ్చేసింది. ప్రొడక్షన్ మేనేజర్ అడిగింది ఒక్కటే: "సార్, కొనమంటారా వద్దంటారా? యాజమాన్యానికి ఏదో ఒకటి చెప్పాలి."

ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. కానీ ఆ ప్రశ్నకు అప్పుడే జవాబిస్తే అది ఊహే అవుతుంది. పాత రోబో డేటాషీట్‌లో రిపీటబిలిటీ ±3 మైక్రాన్లు అని ఉంది. చాలామంది దీన్ని "రోబో ఎప్పుడూ 3 మైక్రాన్ల లోపే పెడుతుంది" అని చదువుకుంటారు. రోబోలను పరీక్షించే ఐఎస్ఓ 9283 ప్రమాణం చెప్పే రిపీటబిలిటీ వేరు. ఒకే ఆదేశంతో రోబోను ఒకే చోటికి 30 సార్లు పంపి, ఆ చేరిన చోట్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తారు. అవన్నీ కలిసి అసలు చోటికి ఎంత దూరంలో ఉన్నాయన్నది అక్యురసీ, అది ఇంకో లెక్క. పైగా ఈ రెండూ రోబో గురించే చెబుతాయి. నాజిల్ వదిలేశాక పూస ఏమవుతుందో ఏ డేటాషీట్‌లోనూ ఉండదు.

నేను వెళ్లేముందు చేసినవి

మెయింటెనెన్స్ ఇంజనీర్ చేయగలిగినవన్నీ చేశాడు. రోబో వేగం తగ్గించాడు, తేడా రాలేదు. రోజూ పొద్దున్నే కాలిబ్రేషన్ చేయించాడు, దాంతో మధ్యాహ్నం పరిస్థితి ఇంకా చెడింది. చల్లగా ఉన్న మెషిన్‌కి సరిపోయేలా చేసిన దిద్దుబాటు, వేడెక్కిన మెషిన్‌కి తప్పవుతుంది మరి. పూస నాజిల్‌ను వదలడం లేదని గాలి ఊదే ప్రెషర్ పెంచాడు. పూస వదిలింది, కానీ ఆ గాలికి జిగురు చుక్క చెదిరి పూస ఇంకా పక్కకు పోయింది. ఈ ప్రయత్నాలను నేను తక్కువ చేయడం లేదు. ఒక్కోటి ఎందుకు పనిచేయలేదో అడిగితే, ఒక్కోటీ ఒక కారణం వైపు వేలు చూపించింది.

మొదటి నిర్ణయం: నాలుగు ఫొటోలు

పూస దారి తప్పడానికి నాలుగు అవకాశాలున్నాయి. రోబోయే తప్పు చోటికి తీసుకెళ్లి ఉండొచ్చు. వదిలేటప్పుడు నాజిల్ లాగేసి ఉండొచ్చు. వదిలాక తడి జిగురులో జారి ఉండొచ్చు. జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుని లాగి ఉండొచ్చు. చివర్లో టెస్టింగ్‌లో చూస్తే ఈ నాలుగూ ఒక్క అంకెలో కలిసిపోతాయి. అందుకని ఏ మార్పూ చేయకముందు, పక్క నుంచి ఇంకో కెమెరా బిగించి, ప్రతి పూసకూ నాలుగు ఫొటోలు తీయమన్నాను: దించగానే, నాజిల్ లేచాక, యూవీకి ముందు, యూవీ తర్వాత.

ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకున్నాం. 5 ఎక్స్ కెమెరా లెన్సుకి ఫోకస్ లోతు, అంటే ఒకేసారి స్పష్టంగా కనపడే మందం, సుమారు 14 మైక్రాన్లే. పూస ఎత్తు 500 మైక్రాన్లు. పూస అంచు కనపడేది నడుము దగ్గర. ఫోకస్ పలక మీద పెడితే ఆ అంచు మసకబారి, సాఫ్ట్‌వేర్ కేంద్రాన్ని తప్పుగా లెక్కిస్తుంది. పలక గుర్తులకు ఒక ఫోకస్, పూస నడుముకు ఇంకో ఫోకస్ పెట్టి, కెమెరాను పైకీ కిందకీ జరిపేటప్పుడు అది పక్కకు ఎంత జరుగుతుందో విడిగా కొలిచి తీసేశాం. కొలిచే పరికరాన్నే నమ్మలేకపోతే దాంతో తేల్చేదేమీ ఉండదు.

ఫొటోలు చూశాక అందరం కాసేపు మాట్లాడలేదు. నాలుగు దశల్లోనూ పూస జరుగుతోంది. ఒక్కోసారి ఒక దశ జరుపుడును ఇంకోటి సరిచేసి, పీసు పాసైపోతోంది కూడా. ఇన్నాళ్లూ ఏ ఒక్క మార్పూ నిలకడగా పనిచేయకపోవడానికి కారణం అదే.

వేడి

పొద్దున ఒకే దిక్కుకు జరగడం అంటే దాదాపు ఎప్పుడూ వేడే. ఉక్కు ఒక మీటరుకు, ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కి 11 నుంచి 12 మైక్రాన్లు సాగుతుంది. 200 మి.మీ. స్క్రూ రాపిడికి 5 డిగ్రీలు వేడెక్కితే 11 మైక్రాన్లు పైగా పెరిగినట్టే. ఎన్‌కోడర్ మోటార్ వెనకుంది కాబట్టి స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పగలదు గానీ, ఆ స్క్రూ సాగిందన్న సంగతి దానికి తెలియదు. ఇంకోటి, తల మీది కెమెరాకీ నాజిల్‌కీ మధ్య 80 మి.మీ. అల్యూమినియం బ్రాకెట్ ఉంది. అల్యూమినియం ఉక్కుకు రెండింతలు, డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది. ఆ బ్రాకెట్ మూడు డిగ్రీలు వేడెక్కితే కెమెరాకీ నాజిల్‌కీ దూరం 5.5 మైక్రాన్లు మారుతుంది. మనకున్న టాలరెన్స్ (తేడా ఉన్నా ఫర్వాలేదనే హద్దు) మొత్తం ఒక్క బ్రాకెట్ మింగేసింది!

మొదట స్క్రూ దగ్గర ఒక టెంపరేచర్ సెన్సర్ పెట్టి, ఫార్ములాతో దిద్దుదామని చూశాం. అది నిలవలేదు. స్క్రూ అంతా ఒకేలా వేడెక్కదు, నట్టు ఎక్కువగా తిరిగే చోట ఎక్కువ వేడి. ట్రేలో పూసలు ముందు వరస నుంచి వెనక వరసకు పోయేకొద్దీ ఆ చోటు మారుతుంది. ఒక్క చోట తీసుకున్న టెంపరేచర్ స్క్రూ మొత్తం గురించి చెప్పలేదు.

దాంతో వేడిని లెక్కగట్టడం మానేసి, దాని ఫలితాన్నే నేరుగా కొలవాలని నిర్ణయించాం. పలకను పట్టి ఉంచే ఫిక్చర్ పక్కన ఒక చిన్న గాజు బిళ్ల పెట్టాం. దాని మీద సన్నని క్రోమ్ గుర్తు ఉంటుంది, అది పై నుంచీ కింద నుంచీ కనిపిస్తుంది. కింది కెమెరాను ఆ బిళ్ల కిందకు మార్చాం. ఇప్పుడు పై కెమెరా, కింది కెమెరా రెండూ ఒకే గుర్తును చూస్తాయి, కింది కెమెరా నాజిల్‌ను కూడా చూస్తుంది. కొన్ని పూసలకొకసారి రోబో అక్కడికి వెళ్లి, తన కెమెరాకీ నాజిల్‌కీ మధ్య ఈ క్షణం ఉన్న అసలు దూరం తెలుసుకుంటుంది. స్క్రూ సాగనీ, బ్రాకెట్ సాగనీ, ఆ గుర్తుతో పోల్చి సరిచేసుకుంటుంది. గాజు బిళ్ల పలకకు దగ్గరగా ఉండటం ముఖ్యం, దూరమయ్యేకొద్దీ మధ్యలో ఉన్న స్క్రూ సాగుడు మళ్లీ లెక్కలోకి వస్తుంది. పొద్దున సమస్య దీంతో పోయింది.

పూస బరువు లెక్కలోకి రాదు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఈ సైజులో మన చేతి అనుభవం పనిచేయదు. 0.5 మి.మీ. గాజు పూస బరువు 0.16 మిల్లీగ్రాములు, అంటే భూమి దాన్ని లాగే బలం 1.6 మైక్రోన్యూటన్లు. 0.2 మి.మీ. రంధ్రం ఉన్న నాజిల్ ఓ మోస్తరు వాక్యూమ్‌తో పట్టే బలం దీనికి వెయ్యి రెట్ల పైమాటే. కాబట్టి పట్టడం తేలిక. వదలడం దగ్గరే చిక్కు. నున్నటి పూసకీ నున్నటి తలానికీ మధ్య సన్నని నీటిపొర చేరితే, దాని తలతన్యత పూసను పట్టి ఉంచే బలం లెక్క ప్రకారం 200 మైక్రోన్యూటన్లు దాటుతుంది. నిజమైన తలాలు కొద్దిగా గరుకుగా ఉంటాయి కాబట్టి అంత రాకపోవచ్చు, అయినా బరువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. స్టాటిక్ కరెంటు దీనికి అదనం. వాక్యూమ్ ఆపేస్తే పూస కింద పడాలన్నది పెద్ద వస్తువులతో వచ్చిన అలవాటు. ఈ పూసకు పడాల్సిన అవసరమేమీ లేదు.

మరి నాజిల్ వదలకపోవడానికి వీటిలో ఏది కారణం? దేనికది విడదీసే చిన్న పరీక్షలు పెట్టాం. వాక్యూమ్ ఆపాక నాజిల్‌ను ఇంకాస్త ఎక్కువసేపు ఆపి చూశాం. కొన్ని పూసలు మెరుగయ్యాయి. అంటే ట్యూబులో మిగిలిన వాక్యూమ్ ఒక కారణం. వాల్వ్ ఎక్కడో వెనక ప్యానెల్‌లో ఉంది, అక్కడి నుంచి పొడవాటి ట్యూబు. వాల్వ్‌ను తల మీదకే తెచ్చి, గాలి ఊదడం పూర్తిగా మానేసి, ట్యూబును బయటి గాలికి తెరిచేలా మార్చాం.

మిగిలిన వాటి సంగతి ట్రేలు నింపే ఆపరేటర్ చెప్పింది. "సార్, మధ్యాహ్నం ఏసీ పెంచాక ట్రేలో పూసలు వాటంతటవే ఎగురుతాయి. పొద్దున అలా ఉండవు." ఆ అమ్మాయి ఈ మాట ఇదివరకే ఒకసారి చెప్పిందట, ఎవరూ రాసుకోలేదు. గదిలో తేమ కొలిస్తే మధ్యాహ్నం బాగా పడిపోతోంది. పొడి గాలి, ప్లాస్టిక్ ట్రే, గాజు పూస కలిస్తే స్టాటిక్ రాక ఏమవుతుంది? మధ్యాహ్నం చెదురుడుకు ఆధారం దొరికింది.

ఫ్యాన్ ఉన్న అయొనైజర్ (గాలిలోకి అయాన్లు వదిలి స్టాటిక్‌ను తగ్గించే పరికరం) తెచ్చి పెడితే స్టాటిక్ తగ్గింది, కానీ ఆ గాలికే పూసలు ట్రేలో దొర్లాయి. చివరకు చిన్న నాజిల్ అయొనైజర్‌ను, రోబో ట్రే దగ్గర లేని సమయంలో మాత్రమే మెల్లగా వీచేలా పెట్టాం. ప్లాస్టిక్ ట్రే తీసేసి కండక్టివ్ ట్రే తెచ్చి ఎర్త్ చేశాం. నాజిల్ మొనను యాంటీస్టాటిక్ సెరామిక్‌కి మార్చాం. గది తేమను 45 నుంచి 55 శాతం మధ్య నిలిపాం. తేమ ఇంకా పెంచితే స్టాటిక్ పూర్తిగా పోతుంది కదా అని ఇంజనీర్ అడిగాడు. పోతుంది, కానీ అప్పుడు నీటిపొర మొదలవుతుంది. ఒక బలాన్ని తగ్గించబోయి ఇంకో బలాన్ని పెంచుకుంటాం.

జిగురు

వేడి, స్టాటిక్ సర్దుకున్నాక కూడా మూడో, నాలుగో ఫొటోలు నిమ్మళించలేదు. నాజిల్ సరిగ్గా పెట్టి వెళ్లిపోయాక పూస మెల్లగా జిగురు చుక్క మధ్యకు జారుతోంది. తడి జిగురు తలతన్యత చేసే పని ఇది. రోబో పూసను ఎంత కచ్చితంగా పెట్టినా, చివరికి పూస ఉండే చోటును నిర్ణయిస్తున్నది జిగురు చుక్క వేసే సూది. ఆ సూదికి ఎవరూ టాలరెన్స్ రాసుకోలేదు.

ఆ యంత్రం సిరంజిలోకి గాలి ప్రెషర్ కొంతసేపు ఇచ్చి చుక్క వేస్తుంది. సిరంజి ఖాళీ అయ్యేకొద్దీ లోపలి గాలి జాగా పెరిగి, అంతే సమయానికి చుక్క చిన్నదవుతుంది. గది వేడెక్కితే జిగురు పలచబడి చుక్క పెద్దదవుతుంది. సూదిని వదిలేసి పిన్ పద్ధతికి మారాం. నిర్ణీత మందంలో పరిచిన జిగురు పొరలో సన్నటి పిన్‌ను ముంచి పలక మీద అద్దడమే. చుక్క సైజు పిన్ మొన, పొర మందం చూసుకుంటాయి. జిగురు గది వెలుతురుకు గట్టిపడకుండా ఆ చోటంతా పసుపు ఫిల్మ్‌తో మూశాం. పిన్‌ను కూడా అదే గాజు బిళ్ల గుర్తుకే సరిచూసేలా పెట్టడంతో చుక్కా పూసా ఒకే లెక్కలోకి వచ్చాయి.

ఆ తర్వాత పెద్ద చర్చ జరిగింది. పూసను నాజిల్ పట్టుకుని ఉండగానే యూవీ వేద్దామన్నాను. అలా చేస్తే వదిలే సమస్య, జారే సమస్య రెండూ ఒక్కసారే తగ్గుతాయి, ఎందుకంటే నాజిల్ లేచేసరికి పూసను జిగురు పట్టేసుకుని ఉంటుంది. మేనేజర్ ఒప్పుకోలేదు. "ప్రతి పీసుకీ రోబో అక్కడే నిలబడితే అవుట్‌పుట్ ఏం కావాలి సార్?" న్యాయమైన ప్రశ్న. లైన్ మొత్తం సమయాలు రాసి చూస్తే, తర్వాత ఉన్న టెస్టింగ్ స్టేషన్ రోబో కంటే నెమ్మది. రోబో ఎలాగూ దాని కోసం ఆగుతోంది. ఆ ఆగే సమయాన్నే ఇక్కడ వాడుకున్నాం. టెస్టింగ్ వేగంగా ఉన్న లైన్‌కైతే నేను ఇదే సలహా ఇచ్చేవాడిని కాదు.

నాలుగో ఫొటో ఒక్కటి మిగిలింది. యూవీ జిగురు గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, ఒక దిక్కులో నూటికి ఒకటి రెండు వంతుల దాకా. లైటు ఒకే పక్క నుంచి వస్తుంటే ఆ పక్క జిగురు ముందు గట్టిపడి పూసను తనవైపు లాగుతుంది. ఇంకో చిక్కు, పూస తానే ఒక లెన్సు కదా. ఒక పక్క నుంచి పడ్డ యూవీని అవతలి పక్క, తన అంచు నుంచి దాదాపు 0.12 మి.మీ. దూరంలో ఒక బిందువుకు చేరుస్తుంది. అక్కడి జిగురు ఇష్టమొచ్చినట్టు గట్టిపడుతుంది. మూడు లైట్ గైడ్లను 120 డిగ్రీల తేడాతో చుట్టూ పెట్టి, మొదట తక్కువ తీవ్రతతో పట్టు వచ్చేంత వరకే వేశాం. ఆ తర్వాత నాజిల్ వదిలి పైకి లేచాక పూర్తి తీవ్రత. నాజిల్ పట్టుకుని ఉండగానే పూర్తిగా గట్టిపడనిస్తే లోపల బిగుతు చేరి, వదిలాక పూస కొద్దిగా ఎగదన్నుతుంది. అందుకే రెండు దశలు.

మిగిలిన కొద్దిపాటి జరుగుడుకు సరిపడా పూసను ముందే ఎదురు దిక్కుకు జరిపి పెట్టొచ్చుగా అని ఇంజనీర్ మొదటి వారంలోనే అడిగాడు. అప్పుడు వద్దన్నాను. చుక్క సైజు రోజుకోలా ఉన్నప్పుడు ఎంత జరపాలో ఎవరు చెప్పగలరు? ఇప్పుడు చుక్క నిలకడగా ఉంది, లైటు నిలకడగా ఉంది, మిగిలిన జరుగుడు ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంది. ఇప్పుడు అతని ఆలోచనే సరైనది, దాన్నే పెట్టాం.

ఏం నేర్చుకున్నాం

కొటేషన్ పక్కన పెట్టారు. గ్రానైట్ మెషిన్ మంచిదే. దానికి అక్షం పక్కనే అసలు కదలికను నేరుగా కొలిచే లీనియర్ ఎన్‌కోడర్ ఉంటుంది కాబట్టి స్క్రూ సాగే గొడవ ఉండదు. కానీ స్టాటిక్, జిగురు చుక్క, ఒక పక్క లైటు అన్నీ దానితోపాటు అలాగే ఉండేవి. అంత డబ్బు పెట్టాక కూడా మధ్యాహ్నం పూసలు చెదిరితే, ఆ టీమ్ మీద పడే నింద ఊహించుకుంటేనే బాధనిపిస్తుంది. వాళ్ల పనితనంలో లోపమేమీ లేదు.

మార్పులు ఒక్కొక్కటిగా చేయడం చాలా నెమ్మదిగా అనిపించింది, యాజమాన్యం నుంచి ఒత్తిడి కూడా వచ్చింది. అయినా నాలుగు ఫొటోల పద్ధతి వదల్లేదు. ఒకేసారి ట్రే, నాజిల్, లైటు మార్చి ఉంటే లైన్ బాగుపడేదేమో, ఏది బాగుచేసిందో మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. ఆరు నెలల తర్వాత జిగురు బ్యాచ్ మారితే మళ్లీ మొదటికే వచ్చేవాళ్లు. ఇప్పుడు ప్రతి షిఫ్టులో కొన్ని పూసలకు ఆ నాలుగు ఫొటోలూ తీస్తున్నారు. ఏ ఫొటోలో తేడా వస్తే ఆ దశనే చూస్తారు. ట్రే దగ్గర ఒక పుస్తకం కూడా పెట్టారు. ఆపరేటర్లకు కనిపించింది అందులో రాస్తారు, ఇంజనీర్ రోజూ చదివి సంతకం పెడతాడు. నన్నడిగితే ఈ కేసులో అతి చవకైన సెన్సర్ ఆ పుస్తకమే.

నేను ముందునుంచీ అడిగిన ఒక మార్పు మాత్రం అప్పట్లో కుదరలేదు. చదునైన సెరామిక్ పలక మీద పూస నిలబడటానికి దాని ఆకారం ఏ సాయమూ చేయదు. అదే సిలికాన్ పలక అయితే పొటాషియం హైడ్రాక్సైడ్‌తో ఎచింగ్ చేసి (రసాయనంతో కరిగించి) చతురస్రపు గుంట తవ్వొచ్చు. స్ఫటిక నిర్మాణం వల్ల దాని గోడలు కచ్చితంగా 54.7 డిగ్రీల వాలుతో వస్తాయి. పూస ఆ నాలుగు గోడలకూ ఆని తన చోటు తానే వెతుక్కుంటుంది. డిజైన్ కస్టమర్ అప్రూవ్ చేసినది కావడంతో అప్పుడు ముట్టుకోలేకపోయాం. తర్వాతి మోడల్‌కి కస్టమర్ ఒప్పుకున్నాడు, శాంపిల్ పలకలు వచ్చాయి. గుంట అడుగున జిగురు కాస్త ఎక్కువైతే పూస గోడలకు ఆనకుండా జిగురు మీద తేలుతోంది. అందుకని అడుగున కాకుండా గుంట మూలల్లో, పూసకీ గోడలకీ మధ్య ఉండే ఖాళీల్లో జిగురు అద్ది చూస్తున్నారు.